నలభై బోడి నారింజలు

శనివారం పొద్దున గావీ లోటర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగాలి, కిటికీలో నానుతున్న నారింజ తొక్కను బీరులో కలపాలి, మధ్యాహ్నం రేడియోలో రగ్బీ వినాలి. ఇందులో ఎవరి కొంపా మునిగే అవకాశం లేదు.

బీరంటే దుకాణంలో కొన్నది కాదు, గావీ స్వయంగా కాచిన పేల్ ఏల్. లేత బంగారు రంగులో, హాప్స్ పువ్వుల చేదుతో, పైన రెండు వేళ్ళ మందాన నురగతో ఉండాల్సిన సరుకు. "ఉండాల్సిన" అన్న మాటను పాఠకులు గమనించాలి. గావీ ఇంతకుముందు మూడుసార్లు కాచాడు. మొదటిది సబ్బునీళ్ళలా ఉందని అతని తమ్ముడు అన్నాడు. రెండోది తాగి ఏమీ అనలేదు. మూడోసారికి తమ్ముడు రావడం మానేశాడు.

చిక్కు బీరుతో కాదు, గంగాళంతో వచ్చింది. అది అతని భార్య డ్రీనీది, వాళ్ళ అమ్మమ్మ నాటి రాగి గంగాళం. పెరట్లో ఉన్న చేదు నారింజ చెట్టు కాయలతో డ్రీనీ ఏటా జూలైలో అందులోనే జామ్ చేసి, లోయ వ్యవసాయ ప్రదర్శనలో వరసగా పదకొండేళ్ళు మొదటి బహుమతి రిబ్బను తెచ్చుకుంది. పోయిన ఏడాది అదే గంగాళంలో గావీ బీరు కాచాడు. హాప్స్ వాసన రాగిని వదల్లేదు. న్యాయనిర్ణేత టాన్నీ హ్యాన్లీ జామ్ ఒక చెంచా రుచి చూసి కార్డు మీద ఇలా రాసింది: "పొలానికి కొట్టే మందు గుర్తుకొచ్చింది."

డ్రీనీ ఏడవలేదు, అరవలేదు. ఆ కార్డు వెనక ఒక ఒప్పందం రాసి ఫ్రిజ్‌కు అంటించింది. ఈ ఏడాది ప్రదర్శనలో కొత్తగా ఇంటి బీరుకు కూడా ఒక బల్ల పెడుతున్నారు. గావీ బీరుకు ఏ రిబ్బను వచ్చినా గంగాళం అతనిది. రాకపోతే గంగాళం వంటింటికి, గావీ రగ్బీకి. ఇక జన్మలో బీరు కాచకూడదు. కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. ప్రదర్శనకు మూడు వారాలే ఉంది.

"అత్తయ్యా, కిటికీలో సీసా ఏదీ?" అన్నాడు గావీ.

అత్తగారు లెట్టీ పొయ్యి పక్కన మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. "ఏ సీసా నాయనా?" అంది.

పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆవిడ అతన్ని నాయనా అనడం ఇదే మొదలు. గావీకి అనుమానం వచ్చింది.

"నారింజ తొక్క. ద్రాక్ష సారాలో నానబెట్టానే, అది."

"అదా! ఛాతీ మందు. మంగళవారం నుంచి గంటకో చెంచా వేసుకుంటున్నా. దగ్గు ఎటుపోయిందో చూడు."

"అది మందు కాదత్తయ్యా, బీరులోకి!"

"తొక్క సారాలో వేసి కిటికీలో పెడితే ఛాతీ మందు కాక ఇంకేమవుతుంది? మా అమ్మ పెట్టేది, వాళ్ళమ్మ పెట్టేది. ఇన్నాళ్ళకు అల్లుడికి నా మీద దయ పుట్టిందనుకున్నా."

గావీ ఆవిడ కుర్చీ కింద నుంచి సీసా తీశాడు. సీసా అడుగున నాలుగు నారింజల తొక్క, సారా చుక్క లేకుండా, ఎండిన ఆకుల్లా పడి ఉంది.

గావీ బీరు కాచే పుస్తకం తీశాడు. ఇరవై లీటర్లకు నాలుగు నారింజలు అని అందులో స్పష్టంగా రాసి ఉంది. కానీ ఈ లోయలో దారి అడగడానికి ఆగినవాడికి కూడా ఒక సంచి నారింజలు ఇచ్చి పంపుతారు. ఎవరికైనా లెక్కపెట్టి నాలుగిచ్చారంటే తగువు పెట్టుకోవాలన్న ఉద్దేశం ఉన్నట్టే. 'ఈ పుస్తకం రాసినవాడు నారింజను బొమ్మలో చూసి ఉంటాడు' అని గావీ తేల్చేశాడు. పైగా నానబెట్టే వ్యవధి కూడా లేదు. వాసన రావాలంటే తొక్క ఎక్కువ పడాల్సిందే.

వరండాలో ఒక పెట్టె ఉంది. అందులో నలభై చేదు నారింజలున్నాయి. నిన్ననే డ్రీనీ చెట్టు మొత్తం దులిపి కోసింది. ఇప్పుడు చక్కెర కోసం ఊళ్ళోకి వెళ్ళింది. ఆమెకు జామ్ చేసుకోవడానికి పళ్ళు కావాలి. పళ్ళను తాను ముట్టుకోడు, పైపైన తొక్క మాత్రమే గీస్తాడు. ఈ ఏర్పాటులో గావీకి ఎక్కడా లోపం కనిపించలేదు. పన్నెండేళ్ళుగా ఆ జామ్‌ను రోజూ రొట్టెకు రాసుకుని తింటున్నాడు గానీ, అది దేంతో చేస్తారని ఒక్కసారీ అడిగి ఎరగడు.

గావీ ఉద్యోగం పళ్ళు ప్యాక్ చేసే షెడ్డులో. బెల్టు మీద వచ్చే నారింజల తొక్క చూసి, మచ్చ ఉన్నది పక్కకు తోయడం అతని పని. ఇరవై ఏళ్ళుగా అతని వేళ్ళకు నారింజ తొక్క తప్ప వేరే లోకం లేదు. తురుముపీట పట్టుకుని కూర్చున్నాడంటే, రంగు తొక్క ఒక్కటే పొడిలా రాలింది. కింది తెల్ల పొర చెక్కు చెదరలేదు. రెండు గంటల్లో నలభై నారింజలూ నున్నగా, తెల్లగా, గుండు కొట్టించుకున్న పెళ్ళివారిలా పెట్టెలో వరసగా కూర్చున్నాయి. తొక్కంతా బీరు డ్రమ్ములో పడింది. ఆ ఘాటుకు గోడవతల పొరుగువాళ్ళ కుక్క తుమ్మింది.

అప్పుడే డ్రీనీ పది కిలోల చక్కెరతో దిగింది.

"గావీ."

"ఊఁ."

"ఏంటివి?"

"నారింజలు."

"వీటి తొక్కేది?"

"పండు పండులాగే ఉంది చూడు. చుక్క రసం కారలేదు. ఊరికే పైపైన..."

"నేనేం చేద్దామనుకున్నాను, గావీ?"

"జామ్."

"దేంతో?"

గావీ నోరు తెరిచాడు. పన్నెండేళ్ళ రొట్టె ముక్కలు, వాటి మీద మెరిసే సన్నని తొక్క పేలికలు, అన్నీ వరసగా కళ్ళ ముందు కదిలాయి.

"తొక్కతో," అని పొయ్యి దగ్గర్నుంచి లెట్టీ అందించింది. "పాపం, ఇప్పుడే తెలిసినట్టుంది."

గావీ కారెక్కి షెడ్డుకు పరిగెత్తాడు. పనివాళ్ళ వాటాగా ఇచ్చే ఎగుమతి రకం నారింజలు ఒక అట్టపెట్టె తీసుకుని, షెడ్డు వెనక కారు ఆపి, ఒక్కొక్క పండు మీదా స్టిక్కరు గోటితో గీకాడు. ఇంటికొచ్చి వాటిని డ్రీనీ పెట్టెలో పేర్చాడు. తన చెట్టు కాయ ఎలా ఉంటుందో తెలియని మనిషైతే నమ్మేదేమో.

డ్రీనీ ఒకటి తీసి వెలుతురుకు పెట్టింది. "మన చెట్టు ఈమధ్య మైనం పూసుకుంటోందా?"

"నాణ్యమైన సరుకు డ్రీనీ. విదేశాలకు..."

"ఇందులో నా మొహం కనిపిస్తోంది. ఉడికించి కొవ్వొత్తులు చేయనా?" అని దాన్ని తిప్పింది. "అబ్బో, దీనికి పేరు కూడా ఉంది." ఒక్క స్టిక్కరు మిగిలిపోయింది.

తియ్య నారింజతో ఆ జామ్ ఎలాగూ కాదు. లోయలో చేదు నారింజ చెట్టు ఇంకొకటి లేదు. చేదు కాయను ఏ షెడ్డూ కొనదు. డ్రీనీ ఆ నలభై బోడి నారింజలనూ బకెట్ నీళ్ళలో వేసి, వంటింటి తలుపు మూసుకుంది.

ఆమె బాధతో తలుపు వేసుకుందని గావీ అనుకున్నాడు. మూడు వారాలు మునివేళ్ళ మీద నడిచాడు. అడక్కుండానే గిన్నెలు తోమాడు. బీరు సీసాలకు ఎత్తి, మూతలు బిగించి, వాటి ముందు రోజూ కాసేపు నిలబడేవాడు. రిబ్బను వస్తే గంగాళం దక్కుతుంది. గంగాళం దక్కాక భార్య మాట్లాడుతుందో లేదో తర్వాత చూసుకోవచ్చు.

"డ్రీనీ ఎలా ఉందత్తయ్యా?" అని ఒకసారి గొంతు తగ్గించి అడిగాడు.

"పనిలో ఉంది. కదిలించకు," అంది లెట్టీ.

ప్రదర్శన రోజు బీరు బల్ల దగ్గర కూడా టాన్నీ హ్యాన్లీయే కూర్చుంది. చేదు రుచి తెలిసిన మనిషి ఊళ్ళో ఇంకొకరు లేరని కమిటీ భావించింది. పోటీకి మూడే బీర్లు వచ్చాయి. అందువల్ల ఏదో ఒక రిబ్బను ఖాయమని గావీ ఇంట్లో లెక్కేసుకునే వచ్చాడు.

ఆవిడ గ్లాసులోకి వంచింది. "నురగేది?"

"వస్తుంది టాన్నీ. కాస్త ఆగాలి."

ఆగారు. నురగ రాలేదు. దాని బదులు, వానలో కారు కింద కనిపించేలాంటి రంగురంగుల నూనె వలయం ఒకటి వచ్చింది. టాన్నీ హ్యాన్లీ ఒక గుక్క తాగి, గ్లాసు మెల్లగా దించి, చేతిసంచీలోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి నోట్లో వేసుకుంది.

"గావీ, నాయనా, దీన్ని దేనికి పూయాలి?"

"పూయడం కాదు టాన్నీ. తాగాలి."

"ఎన్ని నారింజలు వేశావు?"

"నలభై."

ఆవిడ అతన్ని ఆసుపత్రి మంచం మీదివాణ్ణి చూసినట్టు చూసింది. మొదటి బహుమతి లెక్కల మాస్టారికి ఇచ్చారు, రెండోది పోస్టాఫీసు గుమాస్తాకు. మూడో బహుమతికి తగిన బీరు ఏదీ రాలేదని మైకులో ప్రకటించారు.

గంగాళం పోయిందని స్వయంగా చెబుదామని గావీ జామ్‌ల బల్ల వైపు నడిచాడు. అక్కడ ఆడవాళ్ళు గుంపుగా మూగి ఉన్నారు. మధ్యలో డ్రీనీ సీసా. అందులో నిండు నారింజలు చిక్కటి పాకంలో తేలుతూ, అవతలి వెలుతురు కనిపించేంత స్వచ్ఛంగా, దీపాల్లా ఉన్నాయి. సీసాకు మొదటి బహుమతి రిబ్బను.

"పాకం నారింజలు ఈ బల్ల మీదికి వచ్చి పదిహేనేళ్ళయింది," అంటోంది టాన్నీ హ్యాన్లీ. "చేయడం రాక కాదు. ముందు పై తొక్క ఇంత సన్నగా తురమాలి కదా, మణికట్లు పడిపోతాయి. కాస్త లోతు గీసినా పాకంలో పగిలిపోతాయి. ఎవరు తురిమారమ్మా?"

డ్రీనీ వేలు చూపించింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. షెడ్డులో తాను నారింజలను ఎలా చూస్తాడో, సరిగ్గా అలాగే వాళ్ళు తన చేతులను చూస్తున్నారని గావీకి అర్థమైంది.

"వచ్చే జూలైలో మా ఇంటికి రెండు రోజులు పంపవే, డ్రీనీ!"

"మాకు ముందు. కమలాపళ్ళు వందున్నాయి."

డ్రీనీ అతని దగ్గరికి వచ్చింది. "నీ బీరుకు రిబ్బను రాలేదు."

"రాలేదు."

"నీ తురుముకు వచ్చింది. ఏ రిబ్బనైనా సరేనని రాసుకున్నాం కాబట్టి కొంత న్యాయం నీ వైపు కూడా ఉంది. సరే, ఏడాదంతా గంగాళం నీది. కడగడం కూడా నీదే. జూలైలో గంగాళం నాది, దాంతోపాటు నువ్వూ."

"నేనా?"

"నువ్వూ, తురుముపీటా."

గావీకి అది గెలుపో ఓటమో తేల్చుకునే వ్యవధి దొరకలేదు. తెచ్చినవాటిలో మిగిలిన ముప్ఫై ఏడు బీరు సీసాలనూ లెట్టీ అప్పటికే కారులో తన సీటు చుట్టూ పెట్టించుకుంది. గంటకో చెంచా కాదు, పూటకో గ్లాసైతే ఛాతీకి ఇంకా మంచిదట.

మరుసటి జూలైలో గావీ పదకొండు ఇళ్ళలో ఆరువందల పళ్ళు తురిమాడు. ఆ ఏడాది బీరులోకి పుస్తకం చెప్పినట్టే నాలుగు నారింజలు తీసుకుని, తురుముపీట వైపు చాలాసేపు చూసి, ఆ పళ్ళను మళ్ళీ పెట్టెలోనే పెట్టేశాడు.