ఇంజన్ వేడి: నిల్

"వచ్చే సీజన్ల ప్రపంచ రేసుల్ల సికింద్రాబాద్ కారు ఉరుకుతది. ఇది నా కమిట్‌మెంట్!" అని వేగాభివృద్ధి శాఖ మంత్రి హరికిషన్ ప్రకటించిన రోజున ఆయన దగ్గర రేసు కారు లేదు. అంతటి దార్శనికుడు. కారు పెట్టుకుని ఎవడైనా ప్రకటిస్తాడు, లేకుండా ప్రకటించడానికే గుండె కావాలి.

మూడో రోజుకల్లా అధికారులు కారును కనిపెట్టారు. అది నేరేడ్‌మెట్‌లో పర్వతాలు షెడ్డులో ఉంది.

పర్వతాలు బస్సు డిపోలో మెకానిక్ పని మానేసి ఆరేళ్లుగా ఆ ఒక్క కారే కడుతున్నాడు. అమ్మకానికి కాదు, ఊరి రోడ్లకీ కాదు. రేసు కోసమే పుట్టిన ప్రోటోటైపు. నేలకు మూడు వేళ్ల ఎత్తున ఉంటుంది. బాడీ తనే చేశాడు, చక్రాలు తనే బిగించాడు. లేనిది ఇంజన్ ఒక్కటే. అలాంటి ఇంజన్ షెడ్డులో తయారయ్యేది కాదు, యూరప్‌లో వెల్డార్ అనే కంపెనీ ఇవ్వాలి. మూడేళ్లుగా ఉత్తరాలు రాస్తే వాళ్లు చెప్పిందొకటే. ముందు మీ కారు సీజన్‌కి ముందు జరిగే ప్రీసీజన్ టెస్టింగ్‌లో పాసవ్వాలి, ఆ రిపోర్టు చూసి మేం కమిట్‌మెంట్ ఇస్తాం, ఆ తర్వాతే ఇంజన్. ఇంజన్ లేకుండా టెస్టింగ్ ఎలాగని పర్వతాలు అడిగితే, టెస్టింగ్ లేకుండా ఇంజన్ ఎలాగని వాళ్లు మర్యాదగా అడిగారు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్న సామెత యూరప్‌లో కూడా ఉన్నట్టుంది.

సీజన్‌లో పేరివ్వడానికి గడువు నెలాఖరు. ఆలోగా ఇంజన్ రాకపోతే ఆరేళ్ల కష్టం పాత ఇనుముకే. అందుకే మంత్రిగారి కారు షెడ్డు ముందు ఆగగానే పర్వతాలుకి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. అందులోంచి మంత్రిగారు కాక స్పెషల్ ఆఫీసర్ భానుప్రకాశ్ దిగినా ఆ ఆశ తగ్గలేదు.

"ఈ ఆదివారమే టెస్టింగ్. మంత్రిగారు జెండా ఊపుతారు," అన్నాడు భానుప్రకాశ్.

"మస్తు సంతోషం సార్. కానీ ఇంజన్ లేదు గద?"

"ఇన్విటేషన్లు ప్రింటైపోయాయండీ."



ఆదివారం సైనిక్‌పురి అవతల, వాడకంలో లేని పాత రన్‌వే మీద షామియానా వేశారు. హెల్మెట్ పెట్టుకున్న మంత్రిగారి ఫ్లెక్సీ రెండంతస్తుల ఎత్తుంది. కారు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. లోపల కూర్చున్నవాడు సీతాఫల్‌మండి కుర్రాడు రోనాల్డ్. మోటారు సైకిల్ రేసుల్లో మూడు కప్పులు కొట్టిన డ్రైవరు.

"పర్వతాలన్నా, నేనేం జెయ్యాలె?"

"స్టీరింగ్ పట్టుకో. చెయ్యి ఊపు."

తొమ్మిదింటికి రావలసిన మంత్రిగారు ఒంటిగంటకే వచ్చేశారు. కొబ్బరికాయ కొట్టి, కారు వీపు మీద చెయ్యేసి, చెవి ఒగ్గి విన్నారు.

"ఏందయ్యా, సప్పుడే లేదు?"

పర్వతాలుకి ప్రాణం లేచొచ్చింది. "అదే సారూ! జెర ఇనుండ్రి. దీంట్ల ఇంజన్..."

"సైలెంట్ టెక్నాలజీ సార్," అన్నాడు భానుప్రకాశ్.

మంత్రిగారు మైకందుకున్నారు. "ఫారిన్ కార్లు చెవులు పగిలెటట్టు మొత్తుకుంటయ్. మన కారు జూడుండ్రి! సప్పుడు లేదు, పొగ లేదు. గిదీ మన సంస్కారం!" అని జెండా ఊపారు.

కారు కదల్లేదు.

"అన్న జెండా ఊపినంక కదలకపోతె ఎట్ల?" అని కార్యకర్తలు ఇరవైమంది ఒక్కసారి వెనక చేరి తోశారు. నిమ్మకాయలు చితికాయి. కారు కదిలింది. పర్వతాలు బేరింగులు ఎంత బాగా కూర్చాడో గానీ, తోసినవాళ్లు వెనకబడేంత జోరుగా పోయింది. తన కారు షెడ్డు గచ్చు దాటి పరిగెత్తడం చూడటం పర్వతాలుకి అదే మొదటిసారి. ఎవరు తోస్తేనేం, దాని వెంట పిచ్చివాడిలా పరుగెత్తాడు, నవ్వుతూ ఏడ్చాడు.

రెండొందల గజాలు పోయాక కారు గర్రుమని ఆగింది. మంత్రిగారి సమక్షంలో కారు గంటకు రెండొందల ఎనభై కిలోమీటర్ల వేగంతో పోతుందని విని, భద్రత కోసం రోడ్ల శాఖవాళ్లు ముందురోజే అక్కడ స్పీడ్ బ్రేకర్ వేశారు. కారు పొట్ట దానికి ఆనింది.

"నేను బ్రేక్ ముట్టనే లేదన్నా!" అని రోనాల్డ్ లోపల్నుంచి అరిచాడు.

'బ్రేకులు: అత్యుత్తమం' అని భానుప్రకాశ్ రాసుకున్నాడు.

వెల్డార్ కంపెనీవాళ్ల టెస్టింగ్ ఫారంలో నలభై గడులున్నాయి. ఆయన ఫైలు మోకాలిమీద పెట్టుకుని అక్కడికక్కడే నింపేశాడు. ఇంజన్ వేడి: నిల్. ఆయిల్ లీకు: నిల్. పొగ: నిల్. ఇంధనం ఖర్చు: నిల్. ఇంజన్ మొరాయించిన సందర్భాలు: నిల్. సర్కారు ఆఫీసులో నిల్ రిపోర్టంటే అంతా క్షేమమని అర్థం.

"సార్, గిది అబద్ధం గద సార్?" అన్నాడు పర్వతాలు.

"ఆయిల్ కారిందా?"

"లే."

"పొగొచ్చిందా?"

"లే."

"పాతికేళ్ల సర్వీసులో ఇంత నిజమైన రిపోర్టు నేనెప్పుడూ పంపలేదండీ."

ఇంకో మాట అనడానికి పర్వతాలు నోరు తెరిచి, గడువు గుర్తొచ్చి మూసుకున్నాడు. పాసైతే ఇంజన్ వస్తుంది. వస్తే బిగించి నిజంగానే నడిపించి చూపిస్తాడు. అప్పుడు అబద్ధం నిజమైపోతుంది.

నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుందనగా వెల్డార్ నుంచి ఉత్తరం వచ్చింది. కారు పాసైంది, కంపెనీ సంపూర్ణ కమిట్‌మెంట్ ఇస్తోంది. పర్వతాలు భార్య శారదమ్మ వాడంతా లడ్డూలు పంచింది. మంత్రిగారు ఉత్తరానికి ఫ్రేము కట్టించి, దాని పక్కన నిలబడి ఫొటో దిగారు.

నెలాఖరు రోజున భానుప్రకాశ్ షెడ్డుకొచ్చాడు. ఆయన కారు వెనక లారీ ఉందేమోనని పర్వతాలు గల్లీ చివరిదాకా చూశాడు. లేదు.

"ఇంజన్ ఎప్పుడొస్తది సార్?"

"ఉత్తరం రెండో పేజీ చదవలేదా మీరు?" అని ఆయనే చదివి వినిపించాడు. 'వేడెక్కని, పొగ రాని, ఇంధనం తాగని ఇంజన్ మా నూరేళ్ల చరిత్రలో చూడలేదు. మీకు మా ఇంజన్ పంపడం మిమ్మల్ని అవమానించడమే. దయచేసి మీ ఇంజన్ ఒకటి మాకు పంపగలరు.'

పర్వతాలు కారు పక్కన కూలబడ్డాడు. ఏడుపు కూడా రాలేదు.

"ఇంజన్ల ఎగుమతికి మంత్రిగారు నిన్ననే కమిట్‌మెంట్ ఇచ్చేశారు. ఆదివారం మొదటి ఇంజన్‌కి జెండా ఊపుతారు. ఇన్విటేషన్లు ప్రింటైపోయాయి," అన్నాడు భానుప్రకాశ్ పెన్ను తీస్తూ. "ప్యాకింగ్‌కి పెట్టె ఎంతది కావాలండీ?"

పర్వతాలు లేచి, టేపు తీసి, ఇంజన్ కోసం ఆరేళ్లుగా ఉంచిన ఖాళీని జాగ్రత్తగా కొలిచాడు.

"మూడడుగుల పొడుగు, రెండడుగుల ఎడల్పు సార్."

భానుప్రకాశ్ రాసుకున్నాడు. "బరువు?"

"నిల్ సార్," అన్నాడు పర్వతాలు.