ట్యాంకులో టమాటా చేప

నా పుట్టినరోజుకి మా ఆయన నీళ్ళలో ఫోటోలు తీసే కెమెరా కొంటానన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నా పుట్టినరోజు ఆయనకి ముందుగా గుర్తొచ్చిందంటేనే నాకు అనుమానం రావాలి. వచ్చింది కూడా.

"నాకెందుకండీ అది?"

"నీకు కాకపోతే ఎవరికోయ్? సముద్రంలోకి దిగబోతున్నాం. అన్ని చేపల్నీ ఊరికే చూసి వచ్చేస్తామా?"

"మరి లోపల దాన్ని పట్టుకునేదెవరు?"

"అదంతా తరవాత చూద్దాంలే" అన్నారు. ఆ తరవాతలోనే ఉంది కిటుకంతా.

సంగతేమిటంటే, సెలవుల్లో డైవింగుకి వెళ్దామని మేమిద్దరం ఈతకొలనులో శిక్షణ తీసుకుంటున్నాం. బీమా కంపెనీలో కుర్చీలోంచి కదలని ఈ మనిషి, నీళ్ళలో పడితే ఒకచోట నిలవరు. బెండులా పైకి తేలతారు, లేకపోతే ఇసకబస్తాలా అడుగుకి పోతారు. మధ్యలో ఆగడమన్నది లేదు. అలా ఆగాలంటే ఊపిరి నెమ్మదిగా పీల్చి నెమ్మదిగా వదలాలట. ఆయనతో కాపురం చేసి చేసి నాకది ఎప్పుడో వచ్చేసింది.

ఇంకో మాట. కాలేజీ రోజుల్లో ఫోటోల పోటీలో నాకు బహుమతి వచ్చింది. పెళ్ళయ్యాక ఆ కెమెరా అటకెక్కింది. సముద్రం కింద ఒక్క మంచి ఫోటో నేనే తీయాలని మనసులో గట్టిగా ఉంది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

కొట్టుకి వెళ్ళాం. కొట్టాయన మా ఆయన్ని ఎగాదిగా చూసి, "మొదటిసారంటున్నారు కదా, అరచేతిలో ఇమిడే ఈ చిన్నది చాలు సార్" అన్నాడు.

మా పెళ్ళిచూపుల్లో పిల్లవాడికి ఉద్యోగం ఉందా అని అడిగితే ఎలా మాడిందో, మా ఆయన మొహం అచ్చం అలా మాడింది. ఆయన చూపు అప్పటికే అద్దాల బీరువాలోని పెద్ద కెమెరా మీద ఉంది. దానికి ప్రెషర్ కుక్కరంత గట్టి పెట్టె, అటూ ఇటూ రెండు ఇనప చేతులు, చేతుల చివర లైట్లు.

"పీతలా ఉందండీ. చేపలు జడుసుకుంటాయేమో" అన్నాను.

"జడుసుకోవు. వరసలో నిలబడి ఫోజులిస్తాయి."

కొట్టాయన ఇంకో ముక్క చెప్పాడు. "లోతుకి వెళ్ళేకొద్దీ ఎరుపు కనబడదు సార్. అంతా నీలంగానే ఉంటుంది. లైటైనా ఉండాలి, ఎర్ర ఫిల్టరైనా ఉండాలి."

"రెంటిలో ఏది మంచిది?"

"అది మీరు వాడి చూసుకోవాలి."

ఆ మాట ఇంకెవరితోనైనా అనొచ్చు. మా ఆయనతో అనకూడదు. రెండురోజులు వాడి, నచ్చనివి తిరిగి ఇచ్చే ఒప్పందం మీద పీతనీ, చిన్నదాన్నీ, ఫిల్టర్లనీ, లైట్లనీ అన్నిటినీ మోసుకొచ్చారు.

"ముందు ఖాళీ పెట్టెలో కాగితం పెట్టి నీళ్ళలో ముంచండి. కాగితం తడవకపోతే అప్పుడు కెమెరా పెట్టొచ్చు" అన్నాను. శిక్షణలో మాస్టారు చెప్పిన మాటే అది.

"ఇంత గట్టి పెట్టెకి అవన్నీ ఎందుకోయ్?"

ముంచితే కాగితం తడిసి ముద్దయింది. మూత దగ్గరి రబ్బరు రింగు తీసి చూస్తే దాని మీద ఒక వెంట్రుక. ఆయన తలమీద మిగిలినవే లెక్కకి తక్కువ, అందులో ఒకటి ఊడొచ్చి ఇక్కడే పడాలా? రింగు తుడిచి, పల్చగా గ్రీజు రాసి మళ్ళీ బిగించాను. ఈసారి కాగితం పొడిగా ఉంది. "చూశావా, ఎంత గట్టి పెట్టో!" అన్నారు ఆయన.

మర్నాడు పొద్దున వంటింట్లో పెద్ద టమాటా కనబడలేదు. బట్టలకి పెట్టే నీలిమందు సీసా కూడా కనబడలేదు. గిన్నె కడుగుదామని కుళాయి తిప్పాను. సముద్రం వచ్చింది.

మేడ మీదకి పరిగెత్తాను. బిల్డింగు మొత్తానికీ నీళ్ళిచ్చే ట్యాంకు మూత తీసి ఉంది. నడుము దాకా మా ఆయన ట్యాంకులోపల ఉన్నారు, రబ్బరు రెక్కలు తొడిగిన కాళ్ళు మాత్రం బయట కొట్టుకుంటున్నాయి.

"ఏవండీ!"

తల బయటికి వచ్చింది. నీలంగా ఉంది. "అరవకు, చేప బెదురుతుంది" అన్నారు. ఆయన చేతిలో పీత కెమెరా ఉంది, దారానికి కట్టిన టమాటా నీళ్ళలో ఊగుతోంది. "ఇది ఫిల్టరుతో ఎర్రగా పడితే ఫిల్టరే చాలు, పడకపోతే లైట్లు. ఆ కొట్టతను చూసుకోమన్నాడుగా!"

"తాగే నీళ్ళకి వేరే పంపుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే బిల్డింగంతా..."

నా మాట పూర్తి కాకముందే మెట్ల మీద చెప్పుల చప్పుడు. బిల్డింగు సెక్రటరీ వచ్చారు. ఆయన్ని అందరూ రూల్సుగారంటారు. తువ్వాలు చుట్టుకుని, స్నానం మధ్యలోంచి వచ్చారు. పాలనురుగులాంటి ఆయన గడ్డం ఆకాశంలా ఉంది. వెనకాల మిగతావాళ్ళు, చేతుల్లో నీలం చొక్కాలు, నీలం దుప్పట్లు, నీలం పిల్లి.

"ఎవరయ్యా ఇది చేసింది? ఎవరిదా కెమెరా?" అని రూల్సుగారు గర్జించారు.

మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నాది కాదండీ, ఒట్టు! మా ఆవిడది. పుట్టినరోజు కానుక. అంతా ఆవిడ సరదా. నేను ఉత్తినే పట్టుకున్నానంతే!"

అన్ని నీలం మొహాలూ నావైపు తిరిగాయి. నెమ్మదిగా ఊపిరి పీల్చి, నెమ్మదిగా వదిలాను.

"అవునండీ, నాదే. ఆయన పట్టుకున్నారంతే. ట్యాంకు కూడా ఆయనే కడుగుతారు" అన్నాను.

ఆయన రోజంతా కడిగారు. సాయంత్రం నేనొక్కదాన్నే కొట్టుకి వెళ్ళి పీతని తిరిగిచ్చేశాను. చిన్న కెమెరా, ఒకే ఒక్క లైటు ఉంచుకున్నాను. చేపకి దగ్గరగా వెళ్ళి తీస్తే ఆ వెలుగు చాలు.

"నన్నడక్కుండానే?" అన్నారు ఆయన, నడుము పట్టుకుని.

"నా కెమెరాయే కదండీ!"

నీళ్ళలోకి దిగాక చేతులు మారుతాయిలే అన్న ఆశ మాత్రం ఆయన కళ్ళలో ఇంకా ఈదుతూనే ఉంది.

సెలవులొచ్చాయి, సముద్రమూ వచ్చింది. పడవలో మాస్టారు అందర్నీ ఒకసారి చూసి, "ఒకచోట ఆగలేనివాళ్ళ చేతికి కెమెరా ఇవ్వను. తన్నుకుంటూ పోయి పగడాలు విరగ్గొడతారు. ఇదెవరిది?" అన్నారు.

మా ఆయన నోరు తెరిచారు. నేను ఆయనవైపు చూశాను. "చెప్పమంటారా? రూల్సుగారికి ఫోను చేయమంటారా?"

"మా ఆవిడదండీ" అన్నారు, చాలా చిన్న గొంతుతో.

ఇప్పుడా ఫోటో మా హాల్లో ఉంది. టమాటాలా ఎర్రటి చేప, ఒక్కొక్క పొలుసూ లెక్కపెట్టొచ్చు. దాని వెనకాల నీలంలో తలకిందులుగా మసగ్గా ఏదో ఉంది, దాని నడుం పట్టీ పట్టుకుని మాస్టారు ఆపుతున్నారు. వచ్చినవాళ్ళంతా ఆ వెనకున్నదేమిటని అడుగుతారు.

ఆయనే తల గోక్కుంటూ చెబుతారు: "దాన్ని వదిలేయండి. ముందు ఆ ఎరుపు చూడండి! లైటు వల్ల వచ్చింది. ఫిల్టరు అక్కర్లేదని నేను ట్యాంకులోనే కనిపెట్టాను."