ముద్ర లేని స్థిరాంకం

సర్కారు ముద్ర పడనిదేదీ ఈ లోకంలో కొలత కాదు. ఈ సంగతి తెలియకనే శాస్త్రజ్ఞులు ఇన్నేళ్లు శ్రమపడ్డారు.

1944లో ఎప్పటిలాగే గురజాలకు ముద్రల వారం వచ్చింది. వర్తకులు ధాన్యం కొలిచే కుంచాలు, సోలలు, గిద్దలు పట్టుకుని ముద్ర కోసం వరసలో నిలబడ్డారు. (అడుగున మైనం పోసిన కుంచాలకు వేరే వరస. అది త్వరగా కదిలింది.)

కొలతల ఇనస్పెక్టరు చెన్నకేశవరావు హైస్కూలు మీదుగా పోతూ, కిటికీలోంచి నల్లబల్ల మీద ఒక ఇంగ్లీషు అక్షరం చూశాడు.

"ఏంది మాస్టారూ ఆ హెచ్చు?"

సైన్సు మాస్టారు గోపాలకృష్ణయ్య ఆరేళ్లుగా టెంపరరీ. ఉద్యోగం ఆ నెలలో ఖాయం కావాలి. అందుకని వినయంగా చెప్పాడు.

"ప్లాంక్ స్థిరాంకమండీ. వెలుగు ధారగా రాదు, గింజలుగా వస్తుంది. ఒక్కో గింజకు శక్తెంతో తెలియాలంటే సెకనుకు దాని కంపనాల సంఖ్యను దీంతో హెచ్చవేయాలి."

"అంటే వెలుగుని కొలిచేదేగా? ముద్రేదీ?"

"వస్తువు కాదండీ. అంకె."

"ఎంత?"

"సున్నా, చుక్క, ఇరవయ్యారు సున్నాలు, ఆపైన ఆరు, ఆరు, రెండు."

"ఓరి నీ! బియ్యం కొట్టు రోశయ్య కూడా ఇంత తక్కువ కొలవడయ్యా!"

పాత పుస్తకంలో ఆ అంకెలు ఆరు, అయిదు, అయిదు అని తేలేసరికి నేరం ముదిరింది. స్థిరమని పేరు పెట్టుకున్నది ఉత్తరువు లేకుండా పెరిగింది. శుక్రవారంలోగా దాన్ని తాలూకా కచేరీకి తెచ్చి ముద్ర వేయించాలనీ, లేకుంటే ఉద్యోగం పోతుందనీ నోటీసు వచ్చింది.

మాస్టారు స్థిరాంకాన్ని కాగితం మీద రాసి తెచ్చాడు. బంట్రోతు ముద్రను నిప్పుల్లో కాల్చి ఆనించాడు. కాగితం మండిపోయింది. ("సరుకు నాసిరకం" అని రిజిస్టరులో రాశారు.)

చివరకు ఇనస్పెక్టరే దయతలచాడు. "సర్కారు ఒప్పుకున్న కొలతల్లో అన్నిటికన్నా చిన్నది గిద్ద. మీ హెచ్చు గిద్దేనని రాసియ్యండి, పోద్ది."

"వెలుగు అట్లా ఉండదండీ."

ఇంట్లో మాస్టారి భార్య నాగేంద్రమ్మ ఆ మాట విన్నది. "వెలుగు ఎట్టుంటే మనకేందండీ? నలుగురు పిల్లలు ఎట్టుంటారో చూసుకోండి. చానా చదివారు గానీ, ఒక్క సంతకం చెయ్యలేరా?"

చేశాడు. ఉద్యోగం ఖాయమైంది. అప్పటినుంచి పల్నాడు తాలూకాలో వెలుగు సర్కారు చెప్పినట్టే వస్తోంది.

ఆ ఏటి పరీక్షలో గురవమ్మ అనే పిల్ల ఒక్కతే సరైన విలువ రాసింది. మాస్టారు తన చేత్తోనే ఫెయిలు చేశాడు.