సేవకు చాలినంత గోడ

అద్దంకి శివారులోని విశ్వతేజ గ్లోబల్ స్కూలు యాజమాన్యం ఈ ఏడాది నుంచి తమ విద్యార్థులకు దయాగుణం నేర్పాలని నిర్ణయించింది. ఇంగ్లీషు, కరాటే, అబాకస్, గుర్రపుస్వారీ అప్పటికే నేర్పుతున్నారు. గుర్రం ఒకటే ఉంది, అది కూడా పెళ్ళి ఊరేగింపులు లేని రోజుల్లోనే వస్తుంది. ఇక నేర్పవలసింది దయ ఒక్కటే మిగిలింది. ఊళ్ళోని ఇంకో స్కూలువాళ్ళు రోబోలు తెప్పించడానికీ ఈ నిర్ణయానికీ ఎలాంటి సంబంధమూ లేదని కరస్పాండెంట్ ఉదయ్ కుమార్ గారు తల్లిదండ్రుల సమావేశంలో ఎవరూ అడగకుండానే స్పష్టం చేశారు.

"మన పిల్లలు సేవ చెయ్యాలి," అన్నారాయన మైకు సవరించుకుని. "అయితే ఎక్కడ పడితే అక్కడ చేస్తే దానికి విలువుండదు. సేవకు కూడా అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. అందుకని కాంబోడియా వెళ్ళి, అక్కడొక పేదపల్లెలో బడిగోడకు రంగు వేసి వస్తాం. రేపు విదేశీ యూనివర్సిటీవాళ్ళు 'ఏం చేశావు నాయనా?' అని అడిగితే, మన బిడ్డ గుండె మీద చెయ్యేసుకుని 'గోడకు రంగేశాను' అని చెప్పుకోగలగాలి!"

హాలంతా చప్పట్లతో మోగింది. అక్కడ కూర్చున్నవాళ్ళలో సగంమంది తాతలు జీవితమంతా గోడలకు సున్నం కొట్టినవాళ్ళే. పాపం, వాళ్ళను ఏ యూనివర్సిటీవాళ్ళూ ఏమీ అడగలేదు.

మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లున్న ఆసామి భార్య లక్ష్మీదుర్గ గారు లేచి ఒక న్యాయమైన సందేహం వెలిబుచ్చారు. "అక్కడ పేదవాళ్ళు ఖాయంగా ఉంటారాండీ? తీరా ఇంతదూరం పోయాక లేరంటే?"

"యాత్ర ఏర్పాటు చేసే ఏజెన్సీవాళ్ళు రాసిచ్చారు మేడమ్," అని కరస్పాండెంట్ గారు అభయమిచ్చారు.

పిల్లలను తీసుకువెళ్ళే బాధ్యత సోషల్ టీచర్ దీప్తి మీద పడింది. ఆమె సేవాదృక్పథం గురించి ఎవరికీ ఏమీ తెలియదు. స్టాఫ్ మొత్తంలో పాస్‌పోర్టు ఉన్నది ఆమెకొక్కదానికే. ఎప్పుడో గుర్తింపుకార్డుగా పనికొస్తుందని తీయించుకుంది. ఆమెను గ్లోబల్ సేవా సమన్వయకర్తగా నియమించి, జీతం పెంచకుండా ఒక బ్యాడ్జీ ఇచ్చారు. ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తోంది కాబట్టి దీప్తి బ్యాడ్జీ పెట్టుకుంది.

వెళ్ళే పిల్లల్లో తొమ్మిదో తరగతి ఫిజా ఒకతె. మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని మీరా హుస్సేన్ గారి కూతురు. ఆ పిల్లకు ప్రశ్నలడిగే దురలవాటుంది. ఫీజు సకాలంలో కడుతున్నారు గనుక స్కూలు దాన్ని పెద్దమనసుతో సహిస్తోంది. ఆ అలవాటు వాళ్ళింటిదే. ప్రయాణానికి పచ్చళ్ళ డబ్బాలు సర్దుతూ నానమ్మ ఖాదర్‌బీ అడిగిందట. "ఏందే, గోడకు రంగెయ్యడానికి ఇమానమెక్కి పోవాల్నా? ఆళ్ళకు చేతుల్లేవా?"

"ఉంటాయి నానమ్మా. ఇది సేవ."

"మరి గోంగూర పచ్చడి ఎవురికే?"

"అది మాకు."

ఆ విధంగా సేవకు కావలసిన సరంజామా అంతా సిద్ధమైంది.

కాంబోడియాలో ఆ పల్లెకు చేరేసరికి, మన రాకకు ముందే ఒక దారుణం జరిగిపోయి ఉంది. బడిగోడకు నిచ్చెనలు వేసుకుని కొరియా పిల్లలు రంగు కొడుతున్నారు. ఏజెన్సీవాళ్ళు ఒకే గోడను ఒకే వారానికి రెండు దేశాలకు ఇచ్చేశారు. ఏజెన్సీ తరపున వచ్చినావిడ చిరునవ్వు చెదరకుండా పరిస్థితి వివరించింది. ఈమధ్య సేవ చేసేవాళ్ళు విపరీతంగా పెరిగారు, గోడలు చాలడంలేదు. ఊరివాళ్ళు ఇంకో గది కట్టుకుందామనుకుంటున్నారు గానీ, రంగులు ఆరే సందు దొరక్క పని మొదలుకాలేదు.

దీప్తి, కొరియా పంతులమ్మ కలిసి పొలంగట్టు తగాదా తీర్చినట్టు సుద్దముక్కతో గోడను రెండు భాగాలు చేశారు. నీడ అటు పడింది, కిటికీ ఇటు పడింది. వీడియో కాల్‌లో చూస్తున్న కరస్పాండెంట్ గారు మండిపడ్డారు. "కిటికీ ఎందుకు ఒప్పుకున్నారు మేడమ్? కిటికీకి రంగేం వేస్తాం? అది వాళ్ళకిచ్చేసి గోడ తీసుకోండి!"

లక్ష్మీదుర్గ గారి నుంచి మెసేజీ వచ్చింది. "మావాడి చేతిలో బ్రష్ కనపడట్లేదు. మేం డబ్బు కట్టింది గోడకు, నిలబడడానికి కాదు." దీప్తి వాడి చేతికి బ్రష్ ఇచ్చి ఫొటో పంపింది. వెంటనే ఇంకోటి వచ్చింది. "బిడ్డను ఎండలో నిలబెడతారా?"

మనవాళ్ళు పసుపురంగు వేసింది పసుపుగోడ మీదే. అంతకుముందు వారం ఎవరో వేసి వెళ్ళారు. పెచ్చు ఊడిన చోట చూస్తే కింద నీలం, దానికింద ఆకుపచ్చ, ఇంకా కింద గులాబి కనపడ్డాయి. ఇటుకకంటే దయ ఎక్కువ మందంగా ఉంది.

తర్వాత ఫొటోల కార్యక్రమం. ఒక్కొక్కరికి ఒక్కో స్థానిక బాలుణ్ణో బాలికనో కేటాయించారు. ఫిజాకు వచ్చిన పిల్ల పేరు బోఫా. ఇంచుమించు తన ఈడుదే. మనవాళ్ళందరికంటే బాగా ఇంగ్లీషు మాట్లాడుతోంది. "నువ్వు కాస్త వంగు. ఇద్దరం ఒకే ఎత్తుంటే ఫొటో బాగా రాదు," అని నేర్పింది. నవ్వు ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ఆపాలో కూడా చెప్పింది. ఆ పని అయ్యాక, ఊరికే అడిగింది.

"మీ ఊళ్ళో బళ్ళకు గోడలుండవా?"

"ఉంటాయి."

"మరి వాటికెవరేస్తారు?"

ఫిజా ఆలోచించింది. సరాసరి దీప్తి దగ్గరికొచ్చింది. "మేడమ్, మన స్కూలు వెనకాల ఎలిమెంటరీ బడి ఉంది గదా, దాని గోడకు ఎవరేస్తారు?"

"ముందు అటు చూసి నవ్వమ్మా," అంది దీప్తి. అయితే ఆ ప్రశ్న తిరుగు ప్రయాణంలో విమానం దాకా వచ్చి ఆమె పక్కసీట్లో కూర్చుంది.

అద్దంకి సెంటర్లో ఫ్లెక్సీలు లేచాయి. విజేతలను ఓపెన్‌టాప్ జీపులో ఊరేగించారు. సభలో కరస్పాండెంట్ గారు, కాంబోడియా ఇక కోలుకుంటుందని ప్రకటించారు. దీప్తికి శాలువా కప్పారు. అనుభవాలు చెప్పమని మైకు ఫిజా చేతికిచ్చారు. స్కూలువాళ్ళు రాసిచ్చిన ప్రసంగం ఆ పిల్ల ఎక్కడో పోగొట్టుకుంది.

"ఈ ఆదివారం మన స్కూలు వెనకాల ఎలిమెంటరీ బడికి సున్నం వేద్దాం. పాతబట్టలేసుకుని రండి. దీప్తి మేడమ్ కూడా వస్తారు," అని చెప్పి దిగిపోయింది.

వేదిక మీది పెద్దలందరూ చప్పట్లు కొట్టారు. ప్రసంగాలు వినే అలవాటు వాళ్ళకెప్పుడూ లేదు. వేదిక మీద విన్నది దీప్తి ఒక్కతే. అంత జనంలో, భుజాన శాలువాతో, రానని ఎలా చెబుతుంది?

ఆదివారం పొద్దున కొంతమంది పిల్లలు నిజంగానే వచ్చారు. ఆ బడి హెడ్మాస్టర్ రోశయ్య గారు వాళ్ళను చూసి కంగారుపడ్డారు. "నాకేం అభ్యంతరం లేదమ్మా. పైవాళ్ళడిగితే మాత్రం నేను చూళ్ళేదంటాను," అని చెప్పి, నిచ్చెన తెచ్చి గోడకు ఆనించి, తర్వాత అటు తిరిగి నిలబడ్డారు. మధ్యమధ్యలో అటు తిరిగే ఉండి "ఆ మూల వదిలేశారు, ఆ మూల" అని అందించారు.

బడిపిల్లలు కూడా బ్రష్షులు లాక్కుని దిగారు. ఎవరి మొహం ఎవరిదో తెలియకుండా సున్నం పడింది. అలవాటు కొద్దీ దీప్తి ఒక ఫొటో తీసింది. చినిగిన చేతుల పాత చుడీదార్‌లో, చెంపల నిండా సున్నంతో ఫిజా పళ్ళికిలిస్తోంది. ఈమారు ఎవరూ నవ్వమని చెప్పలేదు. తను కూడా నవ్వుతున్నానని దీప్తికి ఆలస్యంగా తెలిసింది. అప్పుడే కార్లు వచ్చాయి.

"ఏంటి మేడమ్ ఇది? మావాడి చేత సున్నం కొట్టిస్తారా, నడిరోడ్డు పక్కన?" లక్ష్మీదుర్గ గారు కారు తలుపు కూడా వెయ్యకుండా వచ్చారు. "మా చుట్టాలంతా ఈ దారినే పోతారు!"

"కాంబోడియాలో కూడా ఇదే కదండీ..."

"అక్కడ మమ్మల్నెవరు చూశారండీ?"

మీరా హుస్సేన్ గారు కూతురి చేతిలోంచి బ్రష్ లాగి పారేశారు. "బండెక్కు. మన స్టోరేజీలో బస్తాలు మోసేవాళ్ళ పిల్లలు చదివే బడి ఇది. రేప్పొద్దున ఆళ్ళ మొహం ఎట్టా చూడాలే నేను?"

"నవ్వుతా చూడు నాన్నా."

ఆయన లోకజ్ఞానం ఉన్న మనిషి. జవాబు లేనప్పుడు ఏమనాలో ఆయనకు తెలుసు. "నోర్ముయ్," అన్నారు.

గోడ సగం తెల్లగా, సగం ఎప్పటిలా మిగిలింది.

సోమవారం దీప్తికి మెమో అందింది. "యాజమాన్యపు అనుమతి గానీ, పాస్‌పోర్టు, వీసా వగైరాలు గానీ లేకుండా మీరు మైనర్ విద్యార్థుల చేత స్థానికంగా సేవ చేయించినట్లు మా దృష్టికి వచ్చినది. ఇది బాలకార్మిక వ్యవస్థను ప్రోత్సహించుట అగును. మిమ్ములను ఉద్యోగము నుండి ఏల తొలగించరాదో తెలుపవలెను." దీప్తి రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. చివరికి, ఇకమీదట దేశ సరిహద్దుల లోపల ఎవరికీ మేలు చేయించనని రాసి సంతకం పెట్టింది. కరస్పాండెంట్ గారు సంతోషించి క్షమించారు.

అయితే స్టాఫ్‌రూం కిటికీలోంచి ఆ సగం గోడ రోజూ కనపడుతూనే ఉంది. ఒకరోజు రోశయ్య గారు రోడ్డు మీద ఎదురై, "మిగతాది ఎప్పుడని పిల్లలు అడుగుతున్నారమ్మా. ఏం చెప్పమంటారు?" అన్నారు. దీప్తికి ఏం చెప్పాలో తోచలేదు. ఇంటికి వెళ్ళాక తోచింది. తను చేయించనని రాసిచ్చింది నిజమే. విదేశీయులు వచ్చి చేస్తే వద్దంటానని ఎవరూ రాయించుకోలేదు.

కాంబోడియాలో పరిచయమైన ఏజెన్సీ ఆవిడకు ఆ రోజే మెయిల్ పెట్టింది. ఏజెన్సీల భాష ఆమెకు ఇప్పుడు బాగా పట్టుబడింది. 'ఎర్రని మిరప కల్లాల నడుమ ఒక అమాయక గ్రామం. చిరునవ్వు చెరగని బాలలు. మీ స్పర్శ కోసం వేచివున్న ఒక సగం గోడ.' మున్సిపాలిటీని గ్రామం చేసినందుకు కాస్త సిగ్గుపడింది. ఆ ఆదివారం ఫొటో కూడా జతచేసింది. ఇంత నాణ్యమైన గోడ ఈమధ్య తమ దృష్టికి రాలేదని ఏజెన్సీవాళ్ళు పొంగిపోయి జవాబిచ్చారు.

కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో డెన్మార్క్ నుంచి ఒక బడిపిల్లల బృందం దిగింది. ఊరు ఊరంతా వచ్చింది. ఇది తమ స్కూలు సాధించిన దౌత్యవిజయమని ఉదయ్ కుమార్ గారు మైకులో చెబుతూ తుమ్మారు. విశ్వతేజ పిల్లలను టైలు కట్టి షామియానా కింద కూర్చోబెట్టారు. మీరా హుస్సేన్ గారు గజమాల పట్టుకుని మొదటివరసలో నిలబడ్డారు.

బస్సు దిగినవాళ్ళు ఒక పెద్ద బ్యానర్ విప్పారు. దాని మీద నిలువెత్తున ఫిజా ఉంది. చినిగిన చుడీదార్ చేతులు, చెంపల మీద సున్నం. కింద ఇంగ్లీషులో 'ఈమె మన కోసం ఎదురుచూస్తోంది' అని ఉంది.

గజమాల కిందపడింది. ఒక తెల్లపిల్ల జనంలో ఫిజాను పోల్చుకుని, పరుగున వచ్చి కావలించుకుని, ఒక సంచి చేతిలో పెట్టింది. సబ్బు, టూత్‌బ్రష్, రంగు పెన్సిళ్ళు. పాలిష్ చేసిన ఫిజా బూట్ల వంక మాత్రం అయోమయంగా చూసింది.

"మేడమ్!" మీరా హుస్సేన్ గారు బ్యానర్ వైపు వేలు చూపించారు. "నా కూతురు మీకు బీదపిల్లలాగా కనపడిందా? ఈ అద్దంకిలో నేనెవర్నో మీకు తెలీదా?"

దీప్తి మనసులో ఉద్యోగానికి నీళ్ళొదులుకుంది. "సున్నంలో అందరం ఒకలాగే ఉంటామండీ. అదే పంపాను," అంది.

ఈలోగా డెన్మార్క్ పంతులుగారు వచ్చి, తండ్రిగారు వీరేనా, కుటుంబంతో ఒక ఫొటో దిగవచ్చా అని అడిగారు. మీరా హుస్సేన్ గారు చుట్టూ చూశారు. ఊళ్ళోని సెల్‌ఫోన్లన్నీ తన వైపే ఎత్తి ఉన్నాయి. కాలర్ సర్దుకున్నారు. కూతురి భుజం మీద చెయ్యేశారు. బీదతండ్రి ఎలా నిలబడతాడో ఆయనకు సరిగా తెలియదు గనుక, అందాజుగా కాస్త వంగారు.

ఫిజా తండ్రి చెయ్యి మెల్లగా తప్పించుకుని వెళ్ళి బ్రష్ అందుకుంది. ఆయన చూశారు గానీ, పక్కన తెల్లవాళ్ళు కూడా అదే పని చేస్తున్నారని ఊరుకున్నారు. సాయంత్రానికి గోడ మొత్తం తెల్లబడింది. ఈమారు రోశయ్య గారు అటు తిరగలేదు. దీప్తి ఆ గోడను చేత్తో తాకింది. అరచేతికి సున్నం అంటింది, తుడుచుకోలేదు.

మర్నాడు ఉద్యోగం పోతుందనుకుంటూ స్కూలుకొచ్చేసరికి లక్ష్మీదుర్గ గారు స్టాఫ్‌రూంలో కాచుకుని ఉన్నారు.

"ఆ పిల్ల ఫొటో పంపినప్పుడు మావాడిది ఎందుకు పంపలేదు మేడమ్? వాడికేం తక్కువ?"

"ఏమీ తక్కువ లేదనేనండీ."

"అదేం మాట! చొక్కా చింపుకుని నిలబడమంటే నిలబడడా?"

ఇలాంటి విన్నపాలు అనేకం రావడంతో యాజమాన్యం దీప్తిని తొలగించే ఆలోచన విరమించుకుని, ఇంకో బ్యాడ్జీ ఇచ్చింది. వచ్చే ఏడాది నుంచి రెండు కోర్సులుంటాయి. విదేశాలకు వెళ్ళి సేవ చేసేవారికి ఒకటి, విదేశీయుల చేత సేవ చేయించుకునేవారికి ఒకటి. ఫీజు రెండోదానికే ఎక్కువ. మొన్న దరఖాస్తులు ఇచ్చిన రోజున మొదటి కిటికీ దగ్గర పట్టుమని పదిమంది లేరు. రెండో క్యూ మెయిన్‌రోడ్డు దాటింది. అందరూ ఇస్త్రీ లేని బట్టల్లోనే వచ్చారు.

సంగతి విని, రోశయ్య గారి బడిపిల్లల తల్లులు కూడా ఇద్దరు ముగ్గురు బిడ్డలను తీసుకొచ్చి ఆ క్యూలో నిలబడ్డారు. ఫీజు సంగతి చెప్పి పంపించేశారు. అంతమంది జనంలో వాళ్ళు వెనక్కి వెళ్ళడం కష్టమవుతుందని, క్యూలో ఉన్న మనమందరం కాస్త పక్కకు జరిగి, మర్యాదగా దారి ఇచ్చాం.