మూత లేని కాలువ, ముగింపు లేని పరిశోధన

ఇంటి ముందు మూత లేని మురికి కాలువ ఉండటం పూర్వజన్మ సుకృతం! నవ్వకండి. నాలుగేళ్ల అనుభవం మీద చెబుతున్న మాట ఇది.

మూత ఉన్న కాలువను ఏ మేధావి పట్టించుకుంటాడు? చెప్పులు తడవకుండా దాటుకుని తన దారిన తాను పోతాడు. మా వీధి అలా కాదు. ఈ చివర మా మేనత్త బట్టలు కుట్టే దుకాణం నుంచి ఆ చివర పిండిమర దాకా, మోకాలి లోతున, ఆకాశం వైపు నోరు తెరుచుకుని పడుకున్న కాలువ మాది. దాని పుణ్యమా అని మా గుమ్మాల ముందు తిరిగిన డాక్టరేట్లు ఇన్నీ అన్నీ కావు. మా వీధిలో కాలేజీ గడప తొక్కినవాళ్లు నలుగురు కూడా ఉండరు. మా కాలువ మాత్రం యూనివర్సిటీ దాకా వెళ్లింది!

మొదట వచ్చినవాడు దోమల శాస్త్రవేత్త. తెల్ల డబ్బా, పొడుగు కాడ గరిటె పట్టుకుని వారం వారం వచ్చేవాడు. గరిటెడు నీళ్లు తోడి, అందులో గిలగిలలాడే దోమ పిల్లల్ని కళ్లద్దాలు సవరించుకుంటూ లెక్కపెట్టి, రాసుకుని, మళ్లీ అదే కాలువలో జాగ్రత్తగా వదిలేసేవాడు. ఎలాగూ బయటికి తీశారు కదా, చంపేయొచ్చు కదండీ అని పక్కింటి వదిన అడిగింది. సంఖ్య తారుమారైపోతుందని ఆయన చాలా నొచ్చుకున్నాడు. చదువు లేనివాళ్లతో ఇదే చిక్కు. దోమను చూడగానే చెయ్యి లేస్తుంది!

ఆ తరువాత భాషాశాస్త్రవేత్త దిగాడు. కాలు జారిన మనిషి నోట వచ్చే తొలి మాట ఏమిటన్నది ఆయన పరిశోధన. కరెంటు స్తంభానికి ఆనుకుని, రికార్డర్ నొక్కి పట్టుకుని, ఎవరు జారతారా అని కొంగలా ఎదురుచూసేవాడు. చెయ్యి అందించి పట్టుకోవచ్చు కదా అంటారా? పట్టుకుంటే మాట ఎలా వస్తుందండీ? ఒక్క వానాకాలంలో అరవై మూడు మాటలు పోగుచేశాడు. అందులో అచ్చు వేయదగ్గవి తొమ్మిదే అని తెలిసింది.

అసలు వైభవం సామాజిక శాస్త్రాల పెద్ద ప్రొఫెసర్ గారి రాకతో మొదలైంది. ఆయన ఎత్తుకున్న ప్రశ్న ఇది: కాలువకు మూత వేస్తే మనుషులకు మేలు జరుగుతుందా, లేదా?

జరుగుతుందని చటుక్కున అనేశారు కదూ? ఆ తొందరే వద్దు! మీకు తెలిసింది వేరు, రుజువైంది వేరు. రుజువు కావాలంటే రెండు వీధులు కావాలి. ఒక వీధికి మూతలు వేయాలి, రెండో వీధిని ఉన్నది ఉన్నట్టు వదిలేయాలి. ఐదేళ్లయ్యాక ఎక్కడ ఎంతమంది పడ్డారో పోల్చి చూడాలి. కంప్యూటర్‌లో చీటీ తీశారు. మూతలు వెనక వీధికి వెళ్లాయి. మాది 'కంట్రోల్ వీధి' అయింది. కంట్రోల్ అంటే పెత్తనమంతా మాదేననుకుని నేను మొదట మురిసిపోయిన మాట దాచను.

వార్డు ఇంజినీరు నాకన్నా ఎక్కువ మురిసిపోయాడు. అంతకు ముందు మేము అర్జీ పట్టుకుని వెళితే ఆయన తల ఎత్తి, నిట్టూర్చి, చూద్దాం అనాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ శ్రమ తప్పింది. యూనివర్సిటీ ముద్ర ఉన్న కాగితం ఒకటి బల్ల అద్దం కింద పెట్టుకుని, దాన్ని వేలితో చూపించేవాడు. పరిశోధన జరుగుతున్నంత కాలం ఆ వీధి కాలువను ఎవరూ ముట్టుకోరాదు! సోమరితనానికి ఇంత చదువుకున్న కారణం దొరకడం నేను అంతకు ముందు చూడలేదు.

ప్రొఫెసర్ గారి కింద ఒక రీసెర్చ్ అమ్మాయి ఉండేది. ఎప్పుడూ చంకలో ఫైలు ఉంటుంది కనుక మా వీధి ఆమెకు ఫైలమ్మ అని పేరు పెట్టింది. నెలకోసారి ఇంటింటికీ వచ్చి, ఎవరైనా పడ్డారా, ఎలా పడ్డారు అని అడిగి రాసుకునేది. మంచి పిల్ల. రాసుకుంటున్నప్పుడు మన ముఖం చూసేది కాదు. సిగ్గుపడుతోందని మా అత్తయ్య అనేది. శాస్త్రీయ దృక్పథం అలాగే ఉంటుందని నేను సర్దిచెప్పేవాణ్ని.

నాలుగో ఏడు వానలు మొదలైన వారంలో పోస్ట్‌మాన్ బాబాయి పడ్డాడు. ముప్పై రెండేళ్లు ఇదే వీధిలో ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఏ గుమ్మం ముందు గచ్చు ఎక్కడ పగిలిందో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఆ ఉదయం వీధంతా నీళ్లు నిండి, రోడ్డేదో కాలువేదో తెలియలేదు. పాల ప్యాకెట్ పట్టుకుని వస్తూ అడుగు తప్పాడు. తుంటి ఎముక విరిగింది. నేనూ అత్తయ్యా కలిసి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆసుపత్రికి మోసుకెళ్లాం. దారి పొడుగునా ఆయన కేక వేయలేదు. పాల ప్యాకెట్ పగల్లేదు కదా అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

మూడో రోజు ఫైలమ్మ ఆసుపత్రికి వచ్చింది. పన్నెండు పేజీల ఫారం. పడే ముందు మీ మనఃస్థితి ఎలా ఉంది, ఒకటి నుంచి ఐదు లోపు అంకె చెప్పండి అన్నది ఏడో ప్రశ్న.

"పడే ముందు బాగానే ఉందమ్మా," అన్నాడు బాబాయి. "పడ్డాకే మారింది."

ఆ అమ్మాయి అంకె వేయలేదు. కలం మూసేసి, ఫారం ఫైల్లో పెట్టేసింది. మీ వీధికి కూడా మూతలు వేయించేద్దామని తాను రెండేళ్లుగా సార్‌ని అడుగుతూనే ఉన్నానని, ఇంకొక్క ఏడాది ఓపిక పట్టమంటున్నారని వెళ్లేటప్పుడు అత్తయ్యతో చెప్పింది.

అత్తయ్య ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న మనిషి. చిరుగు కనిపిస్తే దాని మీద చర్చ పెట్టదు, సూదిలో దారం ఎక్కిస్తుంది. మరుసటి ఆదివారం పొద్దున్నే తాపీ మేస్త్రిని పిలిచింది. పిండిమర వెనక కూల్చేసిన గోదాము తాలూకు సిమెంటు పలకలు ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. గోదాము ఆసామిని అడిగితే, తీసుకుపొండి, నాకూ అడ్డం వదులుతుందన్నాడు.

నేను అడ్డుపడ్డాను. పడనా మరి? నాలుగేళ్ల విజ్ఞానం అత్తయ్యా, ఇంకొక్క ఏడాది ఆగితే మూత మంచిదో కాదో తేలిపోతుంది అని బతిమాలాను. ఆవిడ నా ముఖం కేసి చూసి, ఇసుక తట్ట నా చేతికిచ్చింది. మోశాను. కేవలం పరిశీలన కోసమే మోశానని మనవి! వదిన మోసింది, పిండిమర ఆయన మోశాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు ఈ చివర నుంచి ఆ చివర దాకా కాలువ మూసుకుంది. అర్జీలు ఆరేళ్లు, పరిశోధన నాలుగేళ్లు, పని ఒక పూట.

మంగళవారం ప్రొఫెసర్ గారు స్వయంగా కారు దిగారు. వెనకే ఫైలమ్మ. ఆయన పలకల మీద నిలబడి, కాళ్ల కింద ఏముందో చూసుకుని, నిజంగా బాధపడ్డారు. నాలుగేళ్ల డేటా మంటగలిసిందన్నారు. మీ ఒక్క వీధి కోసం కాదు, రేపు వేల వీధులకు దీని వల్ల లాభం అన్నారు. పోయింది పోయింది, ఏడాది పాటు పలకలు తీసేస్తే ఎలాగో సర్దుకుంటానని చాలా మర్యాదగా అడిగారు.

అత్తయ్య మెడలో టేపు తీయకుండానే దుకాణం మెట్లు దిగి వచ్చింది.

"మీ ఇంటి ముందు కాలువ ఉందా బాబూ?"

"ఉందండీ."

"మూత ఉందా?"

"ఉంది."

"దాని మీద ఎన్నేళ్లు పరిశోధన చేశాక వేశారు?"

ప్రొఫెసర్ గారు మొదటిసారి తడుముకున్నారు. "పరిశోధన ఏముందండీ. పగిలిందని ఫోన్ చేశాను. మున్సిపాలిటీ వాళ్లే వచ్చి వేసి వెళ్లారు."

అత్తయ్య ఫైలమ్మ వైపు తిరిగింది. "రాసుకోమ్మా. ఒక్క ఫోన్."

ఆ అమ్మాయి ఫైలు తెరిచి రాసుకుంది. ఈసారి తల ఎత్తి, ప్రొఫెసర్ గారి ముఖం చూస్తూ రాసుకుంది. ఆయన గబగబా కారెక్కారు.

పోయిన నెల వ్యాసం వచ్చింది. నలభై పేజీలు. రచయితలు పదకొండు మంది. ఫైలమ్మ పేరు లేదు. తానే తీయించేశానని తరువాత బాబాయిని చూడటానికి వచ్చినప్పుడు చెప్పింది. బాబాయి పేరు ఎలాగూ ఉండదు, ఆయన మూడో పట్టికలో ఒక అంకె.

తేలింది ఏమిటంటారా? మూత లేని కాలువల్లో మనుషులు ఎక్కువగా పడతారని చెప్పడానికి తగినంత ఆధారం దొరకలేదట! ఒక వీధి నివాసులు సహకరించక మధ్యలో మూతలు వేసుకోవడమే అందుకు కారణమట. కనుక మరింత పరిశోధన అవసరమట. కొత్త కంట్రోల్ వీధి కోసం వెతుకుతున్నారట.

మీ వీధికే రావచ్చు. వస్తే అదృష్టం! కుర్చీ వేయండి, మంచినీళ్లివ్వండి, ఫారాలన్నీ ఓపిగ్గా నింపండి. విజ్ఞానానికి మనం చేయగలిగిన సేవ అంతకన్నా ఏముంది?

కానీ ఆయన కారెక్కే ముందు ఒక్క సంగతి మాత్రం మరిచిపోకుండా కనుక్కోండి. ఆ రోజు ఆయన ఫోన్ చేసింది ఏ నంబరుకి? మా అత్తయ్య అన్నీ అడిగింది కానీ అదొక్కటి అడగలేదు. మా దగ్గరున్న నంబరుకి ఆరేళ్లుగా చేస్తూనే ఉన్నాం. ఎవరూ ఎత్తరు.