డోరతీకి పోపు

శనివారం తెల్లవారుతూనే శ్రీవల్లి వంటింట్లో దద్దోజనం కలుపుతూ ఆ రోజు పనులన్నీ మనసులో వరసగా పేర్చుకుంది. బ్రెమెన్ నుంచి బస్సులో బయలుదేరి పాత ఇంజన్ల సంఘం వారి చిన్న స్టేషన్ చేరాలి. హనోవర్ నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడు. డోరతీ వెనక ఒక రైలుపెట్టె తగిలించి కాస్త దూరం నడిపి చూపిస్తారు. ఆయన సరేనంటాడు. అందరూ కూర్చుని దద్దోజనం తింటారు. ఇందులో తేడా రావడానికి ఎక్కడా సందు లేదని ఆమె నమ్మకం.

డోరతీ అంటే మనిషి కాదు. అరవై ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో పుట్టి, అక్కడ తుక్కుకి పోబోతుంటే ఈ జర్మన్ సంఘం వాళ్ళు తలా కొంత వేసుకుని కొని, ఓడెక్కించి తెచ్చుకున్న డీజిల్ ఇంజను. శ్రీవల్లికి ఈ పిచ్చి ఇంగ్లండ్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడే పట్టింది. అద్దెగదిలో చలి, ఊళ్ళో పలకరించే దిక్కు లేదు. శనాదివారాలు ఒక పాత రైలు మార్గంలో కిటికీలు తుడిచే పనికి వెళ్ళేది. అక్కడ ఇలాంటి ఇంజనే ఒకటి గుండెలు అదిరేలా గర్జిస్తూ మిట్ట ఎక్కుతుంటే, తనవాళ్ళెవరో పేరు పెట్టి పిలిచినట్టుండేది. ఇప్పుడు బ్రెమెన్‌లో విమానాల రెక్కల డిజైను చేసే ఉద్యోగంలో స్థిరపడ్డా ఆ గర్జన చెవుల్లోంచి పోలేదు. “వారమంతా విమానాలు, వారాంతం రైళ్ళు. మనం మాత్రం ఎక్కడికెళ్ళినా బస్సే,” అంటుంటాడు ఆమె భర్త విక్రాంత్.

ఇవాళ ఇన్‌స్పెక్టరు ఒప్పుకుంటే డోరతీ ప్రయాణికుల్ని ఎక్కించుకుని తిరుగుతుంది. ఒప్పుకోకపోతే ఊరి మధ్య నాలుగు రోడ్ల కూడలిలో సిమెంటు దిమ్మె మీద, పూలకుండీల నడుమ, బొమ్మలా నిలబడుతుంది. పురపాలక సంఘం వాళ్ళు ఆ దిమ్మెకి కొలతలు కూడా తీసుకెళ్ళారు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా శ్రీవల్లి దద్దోజనం మరీ గట్టిగా కలుపుతోంది.

“ఇదేవిటే వల్లీ, పోపు లేని దద్దోజనం? ఎవరికైనా పథ్యమా?” అంది వెంకటరమణమ్మ గిన్నెలోకి తొంగి చూసి. ఆవిడ విక్రాంత్ తల్లి. తణుకు నుంచి వచ్చి మూడు వారాలయింది.

“ఇంత పొద్దున్నే పోపు పెడితే పొగ తగిలి గోడ మీది ఆ రౌఖ్‌మెల్డర్ అరుస్తుందత్తయ్యా. వెంటనే కిందింటావిడ పైకొస్తుంది. మొన్న వచ్చింది కదా.”

“రానీ. ఆవిడకీ ఓ గిన్నెడు పెడదాం.”

“ఇవాళ్టికి వదిలెయ్యండత్తయ్యా, ప్లీజ్. లేటవుతుంది.”

వెంకటరమణమ్మ మరి మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడమంటే ఒప్పుకోవడం కాదని శ్రీవల్లి ఈ మూడు వారాల్లో నేర్చుకోవలసింది. నేర్చుకోలేదు.

స్టేషన్‌లో డోరతీ మెరిసిపోతోంది. ఇంగ్లండ్ వాళ్ళ ఆచారం ప్రకారం దాని ముఖమంతా పసుప్పచ్చ రంగు. వెంకటరమణమ్మ ఎగాదిగా చూసి, “ముఖం నిండా పసుపు రాసుకుని లక్షణంగా ఉందే,” అంది. శ్రీవల్లి ఆ మాటని జర్మన్‌లోకి మార్చి చెబితే, సంఘం అధ్యక్షుడూ డ్రైవరూ అయిన హాగెడార్న్ సంతోషం పట్టలేక ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. డోరతీ బొమ్మైతే ఇక ఆ కూడలి వైపు జన్మలో కారు నడపనని ఒట్టు పెట్టుకుని ఉన్నాడు.

శ్రీవల్లి ఉత్సాహంగా అత్తగారిని ఇంజను వెనక కేబిన్‌లోకి ఎక్కించింది. ఈ ఇంజనుకి రెండు చివరలా రెండు కేబిన్లు. ఎటు వెళ్ళాలంటే అటు కూర్చుని నడుపుతారు.

“ఇదుగో అత్తయ్యా, హాట్‌ప్లేటు. ఇంగ్లండ్ డ్రైవర్లు దీని మీదే టీ కాచుకునేవాళ్ళు. నాకూ ఓసారి ఇచ్చారు. ఆ టీ రుచి ఇప్పటికీ మర్చిపోలేదు.”

“ఇప్పుడూ వేడెక్కుతుందా?”

“ఇంజను ఆన్‌లో ఉంటే ఎక్కుతుంది.”

“ఇక్కడ ఆ అరిచేది లేదే?”

“పాతకాలం బండి కదా, లేదు,” అంది శ్రీవల్లి, అత్తగారికి కూడా ఇంజన్ల మీద ఆసక్తి పుట్టిందని మురిసిపోతూ.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నగా పొడుగ్గా, నవ్వడానికి కూడా అనుమతి తీసుకోవాలేమో అన్నట్టున్నాడు. ఇంజనుని ఒక్కసారి చుట్టి వచ్చి, తర్వాత దాన్ని వదిలేసి సంఘం సభ్యుల్ని చూడటం మొదలుపెట్టాడు. హాగెడార్న్ వయసు అడిగాడు. బ్రేకులు చూసే ఆయన వయసు అడిగాడు. టికెట్లు కొట్టే ఆవిడ మోకాలికి ఆపరేషన్ అయిందని విని, “ఊఁ” అన్నాడు. శ్రీవల్లికి ఆ “ఊఁ” ఏమాత్రం నచ్చలేదు.

బండి బయలుదేరే వేళయింది. శ్రీవల్లికి ముందు కేబిన్‌లో హాగెడార్న్ పక్కన కూర్చునే భాగ్యం ఆ రోజే మొదటిసారి దక్కింది. అత్తగారు పెట్టెలో కొడుకు పక్కన ఉన్నారనుకుంది. దద్దోజనం గిన్నె ఒళ్ళో పెట్టుకుని పెట్టెలో కూర్చున్న విక్రాంత్, అమ్మ ముందు వల్లీతో ఉందనుకున్నాడు. వెంకటరమణమ్మ మాత్రం వెనక కేబిన్‌లో కాళ్ళు చాపుకుని కూర్చుని, చేతిసంచిలోంచి నూనె సీసా, పోపు దినుసుల పొట్లం, ఇనప గరిటె ఒక్కొక్కటే బయటికి తీస్తోంది. ఇంటికొచ్చిన పెద్దమనిషికి పోపు లేని అన్నం పెట్టడం ఆవిడ వంశంలో లేదు.

డోరతీ గర్జించి కదిలింది. శ్రీవల్లికి ఒళ్ళు పులకరించింది. అవతల అదే కుదుపుకి గరిటెలో నూనె ఒలికి హాట్‌ప్లేటు మీద పడింది. ఆవాలు చిటపటమన్నాయి. గుంటూరు మిరపకాయలు మాడిపోయాయి. పొగ కమ్మేస్తుంటే వెంకటరమణమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తెలివిగా కిటికీ తెరిచింది. ఆ పొగంతా గాలికి తిన్నగా వెనక పెట్టె కిటికీల్లోంచి లోపలికి వెళ్ళింది.

పెట్టెలో మొదట ఇన్‌స్పెక్టరు తుమ్మాడు. తర్వాత అందరూ దగ్గారు. “కేబుల్ కాలుతోంది!” అని ఎవరో అరిచారు. మోకాలి ఆపరేషన్ అయినావిడ లేచి ప్రమాదపు బ్రేకు లాగింది. బండి ఆగిన ఊపుకి వెంకటరమణమ్మ తూలి, చేతికందిన పిడి పట్టుకుని వేలాడింది. అది హారన్ పిడి. డోరతీ రెండు గొంతుకలతో ఊరు దద్దరిల్లేలా అరవడం మొదలుపెట్టింది. పొలం అవతల షెడ్డు ముందు సాసేజీలు కాల్చుకుంటున్న ఊరి అగ్నిమాపక దళం వాళ్ళు ఆ కూత విని, సాసేజీలు వదిలేసి వ్యాను ఎక్కారు.

శ్రీవల్లి కిందికి దూకి వెనక్కి పరిగెత్తేసరికి పెట్టె ఖాళీ అయిపోయింది. అందరూ మొక్కజొన్న చేను గట్టు మీద వరసగా నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. హాగెడార్న్ చక్రాల దగ్గర కూలబడ్డాడు. “వైరింగంతా పోయుంటుంది. ఇక నా డోరతీకి ఆ దిమ్మె తప్పదు,” అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు మిరపఘాటువి కావు.

అప్పుడు గాలి ఇటు తిరిగింది. ఆ వాసన శ్రీవల్లికి పుట్టినప్పటి నుంచీ తెలుసు.

విక్రాంత్ గిన్నె చంకన పెట్టుకుని వచ్చాడు. “వల్లీ, ఈ స్మెల్...”

“తెలుసు. అత్తయ్య నీతో లేరా?”

“నీతో లేదా?”

ఇద్దరూ వెనక కేబిన్ వైపు చూశారు. కిటికీలోంచి ఇంకా సన్నగా పొగ వస్తోంది.

“ఎవరికీ చెప్పకు. కేబులే అనుకోనీ. అమ్మ పరువు పోతుంది,” అన్నాడు విక్రాంత్ గొంతు తగ్గించి.

“కేబుల్ అని రాశారంటే డోరతీ పని అయిపోయినట్టే.”

“చెబితే నిన్ను సంఘంలోంచి గెంటేస్తారే!”

శ్రీవల్లి డోరతీ వైపు చూసింది. ఎన్నో ఏళ్ల తర్వాత దొరికిన గర్జన. దాన్ని దగ్గరగా వినే అదృష్టం ఇవాళే మొదలై ఇవాళే ముగిసేలా ఉంది. అయినా తను లేకపోయినా డోరతీ తిరగాలి. నేరుగా ఇన్‌స్పెక్టరు దగ్గరికి నడిచింది.

“అది కేబుల్ కాదండీ. ఇంజనులో ఏ లోపమూ లేదు. మా అత్తగారు వంట చేస్తున్నారు. హాట్‌ప్లేటు చూపించింది నేనే. తప్పు నాది.”

అప్పటికే అగ్నిమాపక దళం వ్యాను వచ్చి ఆగింది. ముఖానికి మాస్కు, వీపున గాలి సిలిండరు తగిలించుకుని కేబిన్‌లోకి వెళ్ళిన అగ్నిమాపక దళం నాయకుడు తిరిగి వచ్చాడు. గరిటెని దూరంగా, పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. “మంట లేదు. ఒక పెద్దావిడ ఉన్నారు. నా బూట్ల వైపు చూపించి గట్టిగా కోప్పడ్డారు. తర్వాత ఇది నా చేతికిచ్చారు,” అన్నాడు.

ఆయన వెనకే వెంకటరమణమ్మ నిదానంగా దిగింది. గట్టు మీద జనాన్ని చూసి, “ఇంతమంది ఏడుస్తున్నారేవిటే వల్లీ? ఎవరికేమైంది?” అంటూ నాయకుడి చేతిలోంచి గరిటె అందుకుని, కొడుకు చేతిలో గిన్నె మూత తీసి, మాడినవి ఏరేసి మిగిలిన పోపు అందులో వేసింది. అది చుయ్యిమంది.

ఇన్‌స్పెక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. అద్దాలు తుడుచుకున్నాడు. హాగెడార్న్‌ని లేపి నిలబెట్టాడు.

“నిజం చెబుతాను. నేను కాదనడానికే వచ్చాను,” అన్నాడు. “ఇంజను మీద నాకు అనుమానం లేదు. అనుమానమంతా మీ మీదే. ఏదైనా జరిగితే ముందు మిమ్మల్నే మోసుకుని దింపాల్సి వస్తుందనుకున్నాను. ముందుగా చెప్పి పరీక్ష పెడితే ఎవరైనా నెగ్గుతారు. చెప్పకుండా పెట్టే అధికారం నాకు లేదు. ఇవాళ నాకు కళ్ళు కనబడక తడుముకుంటుంటే ఈ మోకాలి ఆపరేషన్ అయినావిడ నన్ను చెయ్యి పట్టుకుని దింపింది. అప్పటికి పెట్టెలో మిగిలింది నేనొక్కణ్ణే.”

చేను గట్టు మీదే దద్దోజనం పంచారు. ఇన్‌స్పెక్టరు రెండోసారి పెట్టించుకుని, అక్కడే సంతకం చేశాడు. అగ్నిమాపక దళం వాళ్ళు తమ సాసేజీలు తెచ్చారు. తిరుగు ప్రయాణంలో హాగెడార్న్ శ్రీవల్లిని మళ్ళీ పక్కనే కూర్చోబెట్టుకుని, ఈసారి హారన్ ఆమెనే మోగించమన్నాడు. మిట్ట మీద డోరతీ గొంతెత్తింది. ఘాటు ఎప్పుడో తగ్గిపోయింది. అయినా శ్రీవల్లి స్టేషన్ వచ్చేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. అంత సంతోషంగా ఆమె ఏడ్చి చాలా ఏళ్లయింది.

అనుమతికి ఇన్‌స్పెక్టరు పెట్టిన షరతు ఒక్కటే: ఏడాదికొకసారి, ఎవరికీ ముందుగా తెలియకుండా, ఇలాంటి పరీక్ష జరగాలి.

సోమవారం పొద్దున్నే హాగెడార్న్ శ్రీవల్లికి ఫోన్ చేసి, ఎవరికీ ముందుగా తెలియకుండా జరగవలసిన ఆ పరీక్షకి వెంకటరమణమ్మగారి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, ఎప్పుడు దొరుకుతుందని అడిగాడు.