ఎడమ కవిత, కుడి కవిత

ఈ ఏడాది భాషా ప్రశ్నపత్రంలో ఏడో ప్రశ్న కింద రెండు కవితలకు బదులు ఒకే కవితను రెండుసార్లు అచ్చు వేశారంటూ కొందరు గిట్టనివాళ్ళు చేస్తున్న ప్రచారాన్ని పరీక్షల సంఘం తీవ్రంగా ఖండించింది. ఒక కవిత కాగితానికి ఎడమ పక్కన, మరొకటి కుడి పక్కన ఉన్నాయనీ, ఒకే వస్తువు ఒకే సమయంలో రెండు చోట్ల ఉండటం అసాధ్యమనీ, కనుక అవి నిస్సందేహంగా రెండు కవితలేననీ ప్రకటనలో వివరించింది. ఇంత శాస్త్రీయమైన వివరణ తరవాత కూడా ఎవరైనా నోరెత్తితే వాళ్ళ చదువునే అనుమానించాలి.

ఏడో ప్రశ్న సామాన్యమైనది కాదు. "కింది రెండు కవితలను పోల్చి వ్యాసం రాయండి" అన్న ఆ ఒక్క ముక్కకే నలభై మార్కులు. అందులో సగం రాకపోతే మిగతా పత్రం ఎంత బ్రహ్మాండంగా రాసినా తప్పినట్టే లెక్క. ఆ ప్రశ్నను పిల్లల పాలిట కామధేనువుగా మార్చిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. అందరూ ఆయన్ని పోలికల మాస్టారంటారు.

మాస్టారి పద్ధతి ప్రకారం ప్రపంచంలోని ఏ రెండు కవితలకైనా ఐదు పోలికలు, ఐదు తేడాలు ఉంటాయి. ఆరోది కనబడితే కవి పొరపాటు చేశాడన్నమాట. పోలికలు "రెండు కవితలూ మానవ జీవితాన్ని చిత్రించాయి"తో మొదలవ్వాలి. తేడాలు "మొదటి కవి ఆశావాది కాగా, రెండో కవి నిరాశావాది"తో మొదలవ్వాలి. ఎవరు ఆశావాదో ఎలా తెలుస్తుందని ఒక పిల్ల అడిగితే, ముందు వచ్చినవాడికే ఆశ ఉంటుందనీ, రెండోవాడికి అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుందనీ ఆయన తేల్చి చెప్పాడు. కవితలు చదువుతూ కూర్చోవడం వల్లే పిల్లలు మార్కులు పోగొట్టుకుంటున్నారని ఆయన దీర్ఘకాల పరిశోధనలో వెల్లడైంది.

ఇక అచ్చు సంగతి. అచ్చాఫీసులో పేజీ కూర్చినవాడు ఒకే కవితను రెండు పక్కలా పెట్టాడు. ప్రూఫులు దిద్దే పెద్దాయన ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని ఒక్కటే, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిపోయిందో లేదో చూడటం. ఆయన ఎడమ కవిత మీద ఒక వేలు, కుడి కవిత మీద ఒక వేలు పెట్టి చివరిదాకా చదివాడు. ఒక్క కామా కూడా తేడా లేదు. తన ఉద్యోగంలో ఇంత నిర్దుష్టమైన పేజీ చూడలేదని మురిసిపోయి సంతకం పెట్టాడు. తీరా అచ్చయ్యేటప్పుడు కుడి పక్కన సిరా కాస్త పలచగా పడింది, అడుగున కవి పేరు ఎగిరిపోయింది. అంతకు మించి లోపం లేదు.

పరీక్ష రోజున వేలమంది పిల్లలు ఆ పేజీ తిప్పారు, రాశారు, వెళ్ళిపోయారు. సిరా పలచబడటాన్ని కొందరు నిరాశకు ప్రతీకగా గుర్తించారు. పేరు వేసుకోని రెండో కవి నిరాడంబరతను మరికొందరు కొనియాడారు. ఒక హాల్లో మాత్రం ఒక అమ్మాయి లేచి నిలబడి, "మేడమ్, ఈ రెండూ ఒకటే ఉన్నాయండీ" అంది. కాపలా ఉన్న మేడమ్ ప్రశ్నపత్రం వైపు కాకుండా గడియారం వైపు చూసి, "ఉన్నదానికి రాయమ్మా, లేనిదాని గురించి నీకెందుకు?" అని కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి పోలికల మాస్టారి కూతురే.

ఇంటికి రాగానే మాస్టారు ప్రశ్నపత్రం లాక్కున్నాడు. పన్నెండు పంక్తుల కవిత. వానలో ఒకడు వచ్చి తలుపు తడతాడు. లోపల దీపం వెలుగుతూ ఉంటుంది. ఎవరూ తియ్యరు. అంతే.

"అబ్బో, తేలికే! ఎడమ పక్కన తట్టే చేతిలో ఆశ ఉంది. కుడి పక్కన చూడు, అదే చేతిలో అలసట. ఎడమ దీపం ఆహ్వానిస్తోంది, కుడి దీపం వెక్కిరిస్తోంది..." అంటూ నాలుగో తేడా దాకా వెళ్ళాడు. బట్టలు మడతపెడుతున్న ఆయన భార్య భుజం మీదుగా తొంగిచూసి, "అదేంటండీ, రెండూ ఒకటేగా?" అంది.

మాస్టారు ఎడమకు చూశాడు, కుడికి చూశాడు, మళ్ళీ ఎడమకు చూశాడు.

"నువ్వేం రాశావే తల్లీ?"

"ఉన్నదే రాశాను నాన్నా, రెండూ ఒకటేనని. తప్పా?"

మర్నాడు ఉదయమే పరీక్షల సంఘం అత్యవసర సమావేశానికి ఆయనకు పిలుపొచ్చింది.

పొడవాటి బల్ల చుట్టూ పదకొండుమంది పండితులు. అధ్యక్షులవారు లేచి ఉపన్యసించారు. "పెద్దలారా! తప్పు జరిగిందని ఒప్పుకోవడం నిమిషం పని. కానీ మన పిల్లలు ఏం చేశారు? లేని తేడాలు ఐదేసి వెలికితీశారు! ఉన్న తేడాలు ఎవడైనా చూపిస్తాడు. లేనివి చూపించిన ఈ తరాన్ని మళ్ళీ పరీక్ష పెట్టి అవమానిద్దామా? ఈ ఘనతకు మూలకారకులైన పోలికల మాస్టారినే ప్రధాన పరీక్షకులుగా నియమిస్తూ, జవాబుల సూచిక తయారుచేయమని కోరుతున్నాను. వచ్చే నెలలో ఉపాధ్యక్ష పదవి ఖాళీ అవుతున్న సంగతి కూడా సభ దృష్టికి తెస్తున్నాను." చప్పట్లు మోగాయి.

మాస్టారు గంటలో సూచిక రాసేశాడు. చివర మాత్రం చిన్న అక్షరాలతో ఒక వాక్యం చేర్చాడు: "రెండు కవితలూ ఒకటేనని రాసినవారికి కూడా మార్కులు ఇవ్వవచ్చు."

అధ్యక్షులవారు ఆ వాక్యం దగ్గర ఆగారు. "ఇదేమిటి మాస్టారూ? అలా రాసిన మూర్ఖులు ఎవరైనా ఉన్నారంటారా?"

పదకొండు జతల కళ్ళు ఆయన మీద ఉన్నాయి. మా అమ్మాయి ఉందండీ అనడానికి నోరు తెరిచాడు కూడా. "అబ్బే, ఎవరుంటారండీ? మా పిల్లలైతే అసలుండరు" అన్నాడు. వాక్యం కొట్టేశారు. ఆ తరవాత కాఫీ వచ్చింది.

ఫలితాల్లో ఉత్తీర్ణత రికార్డు స్థాయికి చేరింది. మాస్టారి కూతురు భాషలో తప్పింది. కాలేజీలో సీటు రాదు, చుట్టుపక్కల ముఖం చూపించలేదు, రెండు రోజులు అన్నం ముట్టలేదు. తల్లే వెళ్ళి దరఖాస్తు పెట్టి జవాబుపత్రం నకలు తెచ్చింది. తెచ్చి భర్త ముందు పడేసింది. "మీరు దిద్దినవాళ్ళే కదా, చదవండి" అంది.

ఆయన చదివాడు.

"ఈ రెండూ ఒకే కవిత. పోల్చమన్నారు కాబట్టి రెండుసార్లు చదివాను. మొదటిసారి వానలో నిలబడ్డ మనిషిని చూసి జాలేసింది. రెండోసారి, లోపల దీపం పెట్టుకుని తలుపు చప్పుడు వింటూ కూడా లేవని మనిషిని చూసి జాలేసింది. కవిత అదే, నేను మారాను. నాకు దొరికిన తేడా ఇదొక్కటే."

మార్జిన్లో ఎర్ర సిరాతో సున్నా. దాని పక్కన "విషయ పరిజ్ఞానం లేదు." దాని కింద "పరిశీలించాను" అని ప్రధాన పరీక్షకుల సంతకం. కట్టలు కట్టలుగా తెచ్చిపెడితే విప్పకుండానే పెట్టిన వేల సంతకాల్లో అదొకటి. మాస్టారికి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తన బతుకులో లక్ష జవాబులు దిద్ది ఉంటాడు, ఇలాంటిది ఒక్కటి కూడా చదివిన గుర్తు లేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ప్రధాన పరీక్షకులు ఒక్క ఉత్తరం రాస్తే ఏ పత్రాన్నయినా మళ్ళీ దిద్దించవచ్చని నిబంధన ఉంది. ఆయన కాగితం తీశాడు. "గౌరవనీయులైన అధ్యక్షులవారికి" అని రాశాడు. ఉత్తరం వెళితే ఏం బయటపడుతుందో, ఏ కుర్చీ పోతుందో అన్నీ ఆయనకు తెలుసు. అరగంట గడిచినా రెండో వాక్యం రాలేదు.

అప్పుడు అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ ఉత్తరం చూసింది. "సప్లిమెంటరీకి మూడు వారాలే ఉంది నాన్నా. తేడాలు ఎలా రాయాలో చెప్పు, రాసుకుంటాను" అంది.

మాస్టారు ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆయన చెబుతూ పోయాడు, ఆ పిల్ల తలెత్తకుండా రాసుకుంటూ పోయింది.

సప్లిమెంటరీలో నలభైకి ముప్ఫైఎనిమిది వచ్చాయి. ఇప్పుడా పిల్ల ఏ హాల్లోనూ లేచి నిలబడటం లేదు, ఎవరినీ ఏమీ అడగటం లేదు. ఉపాధ్యక్షులవారిని అభినందించడానికి వచ్చిన బంధువులందరూ ఆ పిల్లను దగ్గరికి పిలిచి, అమ్మాయి దార్లో పడిందని తెగ మెచ్చుకుని వెళ్ళారు. మీరు వెళ్ళినా అదే అనేవారు.